కంఠతా వచ్చిన అక్షరాలు

రేవులో పడవలు కట్టే ఇనప గుంజకి ఫెస్టీ టోపీ తీసి, "బాగున్నావా మైకేల్" అన్నాడు. గంట కిందటే కంటి క్లినిక్‌లో అతని చూపు బాగుందని రాసి, ఆపరేషన్ జాబితాలోంచి పేరు కొట్టేశారు. నేను పక్కనే ఉన్నాను. నాకు నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది.

రెండు కళ్ళలోనూ శుక్లాలు. మూడేళ్ళుగా ఎదురుచూస్తున్నాడు. అయినా గోడ మీది అక్షరాల చార్టు కింది వరస దాకా గడగడా చదివేశాడు.

చదవడూ మరి? నేర్పింది నేనే. ఐర్లండ్‌లో మా మాయో తీరానికి బస్సు లేదు. డెబ్బై దాటాక డ్రైవింగ్ లైసెన్సు నిలవాలంటే ఆ చార్టు చదవాలి. లైసెన్సు పోతే కొట్టు లేదు, చర్చి లేదు, మందులు లేవు. చేపల ఫ్యాక్టరీలో యూనియన్ నడిపినదాన్ని, ఊరుకుంటానా? పదేళ్ళ కిందట అందర్నీ క్యాంటీన్‌లో కూర్చోబెట్టి, జపమాల తిప్పినట్టు ఆ అక్షరాలు బట్టీ పట్టించాను. క్లినిక్‌లో చార్టు కూడా ఈనాటికీ అదే.

ఇప్పుడు ఆరోగ్య శాఖ అధికారి ప్రెండర్‌గాస్ట్ క్లినిక్ తలుపుకి కాగితం అంటించాడు. ఇక్కడి ముసలివాళ్ళ చూపు దివ్యంగా ఉందట, శుక్రవారంతో క్లినిక్ మూసేస్తారట.

చర్చి హాల్లో అందరం చేరాం.

"నిజం చెప్పేద్దాం," అన్నాడు ఫెస్టీ.

"చెప్పు. నా లైసెన్సూ పీకేస్తారు, నీదీ పీకేస్తారు. నీకు బ్రెడ్డు ఎవడు తెస్తాడు, మీ మైకేలా?" అంది డెలియా. సగం ఊరు ఆమె కారు మీదే బతుకుతోంది.

"మొన్న నా గొర్రెని గుద్దావు కదే."

"అది గొర్రె అని నీకెలా తెలిసిందిరా?"

హాలంతా నవ్వింది. డెలియా నవ్వలేదు.

"గొర్రె కాబట్టి నవ్వుతున్నారు. రేపు బడిపిల్ల అయితే? నాకు నిజంగానే కనబడలేదు."

ఆ మాటకి నాకు భయమేసింది.

"తప్పు నాది," అన్నాను. "బస్సు కోసం కొట్లాడాల్సిన రోజున మీకు అబద్ధం నేర్పాను."

శుక్రవారం పిల్లలు బడిలోకి వెళ్ళాక, పొగమంచులో ఒకరి వెనక ఒకరం నడక వేగంతో బళ్ళు నడుపుకుంటూ క్లినిక్‌కి వచ్చాం. నలభై మందిమి. గుమ్మంలో పోలీసు నిలబడి ఉన్నాడు. ఎవరు పిలిచారో మేం అడగలేదు.

"చదవండి," అన్నాడు ప్రెండర్‌గాస్ట్.

ఫెస్టీ చార్టుకి వీపు తిప్పాడు. "ఈ. ఎఫ్, పి. టి, ఓ, జెడ్."

డెలియా వీపు తిప్పింది. అందరం తిప్పాం. ఒక్కరూ గోడ వైపు చూడకుండా కింది వరస దాకా అప్పజెప్పాం. ప్రెండర్‌గాస్ట్ కలం ఆగిపోయింది.

"ఎవరు నేర్పారిది?" అన్నాడు పోలీసు.

"నేను. నోరీన్. రాసుకో."

"మీ అందరి లైసెన్సులూ పోతాయి, తెలుసా?"

డెలియా కారు తాళాలు తీసి బల్ల మీద పెట్టింది. ఆ తర్వాత ఫెస్టీ. ఆ తర్వాత అందరం. పోలీసు నా మణికట్టు పట్టుకున్నాడు. బయట ఇంకో రెండు పోలీసు జీపులు ఆగిన చప్పుడు వినబడింది.

"అయిందిగా. ఇక ఇళ్ళకి వెళ్ళండి," అన్నాడు ప్రెండర్‌గాస్ట్.

నన్ను గుమ్మం దాటిస్తుంటే వెనక్కి తిరిగి చూశాను. మిగతా వాళ్ళంతా ఒక్కొక్కరే నేల మీద కూర్చుంటున్నారు.

"ఎలా వెళ్తాం బాబూ?" అంటోంది డెలియా. "మాకు కళ్ళు కనబడవు. బళ్ళు నడపలేం. కంటి డాక్టరు వచ్చేదాకా ఇక్కడే ఉంటాం."