కుర్చీలోంచి లేవని తదియ

“గుండీ! ఒసేయ్ గుండీ! మంచిరోజు వచ్చి గుమ్మంలో నిలబడితే నీకు చొక్కా కాజాలే కనిపిస్తున్నాయిటే? కుర్చీ వెయ్యి.”

పిన్ని కేకకి గుండీ మిషను ఆపి లేచింది. చిన్నప్పుడు చొక్కా గుండీ ఒకటి మింగి ఇంటిల్లిపాదినీ ఏడిపించింది కాబట్టి ఆ పేరు పడింది. మింగిన గుండీ ఏమైందో ఎవరికీ తెలీదు గాని పేరు మాత్రం ఉండిపోయింది. వీధి మలుపులో ఆ కుట్టు దుకాణం పిన్నిది. కత్తెర పిన్ని చేతిలో ఉంటుంది, మిషను మీద గుండీ ఉంటుంది.

గుమ్మంలో నిలబడింది తదియ. ఆ వీధికి మంచిరోజులు నడిచే వస్తాయి. ఎవరు కొత్తగా ఏదైనా మొదలుపెట్టాలో వాళ్ళ గుమ్మంలోకి పొద్దున్నే వచ్చి కూర్చుంటాయి, పని మొదలవగానే చెప్పులేసుకుని వెళ్ళిపోతాయి. విదియ సన్నగా, కాస్త కంగారుగా ఉంటుంది. దశమికి కబుర్లెక్కువ. ఏకాదశి ఏం పెట్టినా తినదు. ఈ తదియ మాత్రం నిండుగా, నెమ్మదిగా ఉంది. చేతిలో గుడ్డసంచి, ఇంకా తడి ఆరని జుట్టు. కుర్చీలో సర్దుకుని కూర్చుని మంచినీళ్ళు అడిగింది.

“గడియారాలబ్బాయి కోసం కదూ వచ్చారు?” అంది పిన్ని. “అతని చొక్కా ఇక్కడుందని ఇటొచ్చుంటారు. ఇదిగో, అయిపోవచ్చింది.”

తదియ గటగటా నీళ్ళు తాగింది. అవుననలేదు, కాదనలేదు.

గడియారాలబ్బాయిది ఎదురు దుకాణం. కంటికి భూతద్దం పెట్టుకుని గోరంత చక్రాల మీదికి వంగి కూర్చుంటాడు. తలెత్తినప్పుడు మాత్రం ఆ చూపు నేరుగా కుట్టు మిషను దగ్గరికే వచ్చి ఆగుతుంది. వేరే ఊళ్ళో వాళ్ళ మేనమామ అతనికి పెద్ద దుకాణం చూసిపెట్టాడు. పంచాంగం తాతయ్య లెక్కలు కట్టి తదియనాడు బయల్దేరమన్నాడు. పొద్దు వాలగానే కదిలే బస్సుకి టికెట్టు కూడా తీసుకున్నాడు. ఇక మిగిలింది కొత్త చొక్కా.

ఆ చొక్కాతోనే వచ్చింది చిక్కు. దాని ఎడమ చెయ్యి ఎప్పుడూ పొడుగే. కుట్లు విప్పి గుండీ మళ్ళీ కుట్టేది, అతను వేసుకుని చూసేవాడు, మళ్ళీ పొడుగు. ఒకసారి విసిగిపోయి పిన్నే టేపు పట్టుకుని దగ్గరుండి కుట్టించింది. తీరా తొడిగితే అప్పుడూ పొడుగే. ఇన్నేళ్ళ తన పనితనం మీద పిన్నికి ఆ రోజే మొదటిసారి అనుమానం వచ్చింది.

గుండీకేమో అతనితో ఒక మాట చెప్పాలని ఏడాదిగా ఉంది. ఊరికే చెప్పే మాట కాదు కదా, మంచిరోజు చూసుకుని చెబుదామనుకుంది. ఒకనాడు అష్టమి అడ్డొచ్చింది, ఒకనాడు వర్జ్యం. అన్నీ కుదిరిన నాడు అతని దుకాణం తలుపు మూసి ఉంది. పంచాంగం తాతయ్య దగ్గరికి వెళ్తే “ఏ పనికమ్మా?” అనడుగుతాడు. “కొత్త జాకెట్టు కత్తిరించడానికి” అని తల దించుకునేది.

“అదేం జాకెట్టే తల్లీ, ఏడాదిగా ముహూర్తం అడుగుతూనే ఉన్నావు?” అని ఆయన కళ్ళజోడు పైనుంచి చూసేవాడు.

ఎండ నడినెత్తికొచ్చేసరికి గడియారాలబ్బాయి వచ్చాడు. అద్దం ముందు చొక్కా తొడుక్కున్నాడు. ఎడమ చెయ్యి వేళ్ళ దాకా వచ్చింది.

“నాయనా, చొక్కా సంగతి తర్వాత,” అంది పిన్ని. “నీ చెయ్యే రోజురోజుకీ కుంచించుకుపోతోందేమో డాక్టరుకి చూపించుకో.”

అతను నవ్వలేదు. “పర్లేదు పిన్నిగారూ, మడిచి వేసుకుంటాను” అన్నాడు.

మళ్ళీ విప్పడానికి చెయ్యి చాపిన గుండీ ఆగిపోయింది. ఇన్నిసార్లలో అతను పర్లేదనడం ఇదే మొదటిసారి. అతను సంచి భుజాన వేసుకుని, మడిచిన చేత్తో గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి చూశాడు. ఇప్పుడు తదియ లేవాలి. లేవలేదు. కిందపడ్డ గుండుసూదులు ఏరి డబ్బాలో వేస్తూ కూర్చుంది.

మంచిరోజు వెళ్ళకపోతే పొద్దు వాలదు. ఎదురు మేడ మీది నీళ్ళ టాంకీ నెత్తిన సూర్యుడు అతికించినట్టు ఆగిపోయాడు. వీధిలోవాళ్ళు రెండోసారి భోజనాలు చేశారు. ఆరేసిన బట్టలు అప్పడాల్లా పెళపెళలాడాయి. బస్సు డ్రైవరు వెనక సీట్లో కాళ్ళు బారజాపి పడుకున్నాడు.

“ఎవరో ఏదో మొదలుపెట్టడం మర్చిపోయారర్రా,” అన్నాడు చెప్పులు కుట్టే బాబాయి. ముందుగా తనే కొత్త జోడు తొడుక్కుని వీధి చివరిదాకా కిర్రుకిర్రుమంటూ వెళ్ళొచ్చాడు. మేడాయన ఎప్పుడో వదిలేసిన గోడకి సున్నం వెయ్యడం మొదలుపెట్టాడు. పక్కింటి కోడలు అత్తగారికి సైకిలు నేర్పించింది. తదియ అందరినీ చూసి “బాగుంది, బాగుంది” అంది. కుర్చీ మాత్రం వదల్లేదు.

చివరికి పంచాంగం తాతయ్య వచ్చాడు. తనవంతుగా జుట్టుకి రంగు మొదలుపెట్టినట్టున్నాడు, సగం తల నల్లగా, సగం తెల్లగా ఉంది. “ఇంతకీ తమరు ఎవరి పని మీద వచ్చారమ్మా?” అని తదియని మర్యాదగా అడిగాడు.

“జాకెట్టు కత్తిరించాలన్నారుగా,” అంది తదియ. “ఏడాదిగా పిలుస్తుంటే రాకపోతే ఏం బాగుంటుంది?”

తాతయ్య మెల్లిగా గుండీ వైపు తిరిగాడు. పిన్నీ తిరిగింది. గుమ్మంలో గడియారాలబ్బాయి సంచితో అలాగే నిలబడిపోయాడు.

“ఏ జాకెట్టే? ఎవరిది?” అంది పిన్ని.

తన కోసం ఒక రోజు ఇంత దూరం నడిచొచ్చి ఇంతసేపు కూర్చుందని గుండీకి అప్పుడర్థమైంది. అష్టమి అనడానికి లేదు, వర్జ్యం అనడానికి లేదు. తదియ ఎదురుగానే కూర్చుని ఉంది, చేతిలో గుండుసూదుల డబ్బాతో.

“జాకెట్టు లేదు పిన్నీ,” అంది. వేళ్ళకంటిన సుద్ద పొడి పావడాకి తుడుచుకుని అతని వైపు తిరిగింది. “రెండు చేతులూ సమానంగా కుట్టడం నాకు వచ్చండీ. ఎడమది కావాలనే పొడుగు వదిలాను, ప్రతిసారీ. కుదిరిపోతే మీరింక రారని. మీరు వెళ్ళడం నాకిష్టం లేదు.”

తదియ డబ్బా మూసి లేచింది. గుమ్మంలో చెప్పులు తొడుక్కుని, అతన్ని కాస్త పక్కకి జరగమని వీధిలోకి వెళ్ళిపోయింది. నీళ్ళ టాంకీ నీడ మెత్తగా కదిలి వీధి మీదికి జారింది. ఎక్కడో బస్సు హారను మోగింది, మళ్ళీ మోగింది, తర్వాత దూరమైంది. గడియారాలబ్బాయి భుజాన ఉన్న సంచి తీసి కుర్చీలో పెట్టాడు.

“ప్రతిసారీ కాదండి,” అన్నాడు. చెవులు ఎర్రగా కందిపోయాయి. “పిన్నిగారు దగ్గరుండి కుట్టించిన రోజు మీరు సరిగ్గానే కుట్టేశారు. ఆ రోజు చొక్కా చెయ్యి కిందికి జారేలా ఎడమ భుజం వంచి నిలబడింది నేనే.”