అర మార్కు అమీబా

నేను ఒక గాజు సీసాను. నా కథ చెప్పేముందు మా మూత మీద ఒక ఫిర్యాదు ఉంది. నాకు అయినవాళ్ళంటూ ఉన్నది అదొక్కటే. ఒకే అట్టపెట్టెలో కొట్టుకొచ్చాం, ఏళ్ళ తరబడి అంటిపెట్టుకుని బతికాం. ఇప్పుడది ఆవాల సీసా నెత్తినెక్కి కూర్చుంది. రోజూ పోపు వేళ నా ముందునుంచే వెళ్తుంది, పలకరించదు.

మొదట నాలో బలానికి తాగే పొడి ఉండేది. తాగిన పిల్లాడికి బలం వచ్చిందో లేదో తెలియదు గానీ నేను మాత్రం ఖాళీ అయ్యాను. తర్వాత భాగ్యమ్మగారనే ఆవిడ నాలో ఉసిరికాయ పచ్చడి పెట్టి పక్కింటి హైమావతికి పంపింది. పచ్చడొచ్చిన సీసాని ఖాళీగా తిరిగివ్వకూడదని, ఏదో ఒకటి పెట్టి ఇవ్వాలని తణుకులో మా వీధి మర్యాద. ఏం పెట్టాలా అని హైమావతి నాలుగేళ్ళుగా ఆలోచిస్తోంది. ఈలోగా నాలో నీళ్ళు పోసి, మనీప్లాంటు కొమ్మ గుచ్చి, వంటింటి కిటికీలో నిలబెట్టింది.

మనీప్లాంటు ఉత్త వంక. హైమావతి జువాలజీ చదువుకున్న మనిషి. ఒకనాడు నీళ్ళు నెమ్మదిగా పారే కాలువ వారనుంచి గుప్పెడు నాచు, దాని అడుగునున్న కాస్త బురద తెచ్చి నాలో జారవిడిచింది. ఆపైన బియ్యం ఏరినప్పుడల్లా ఎవరూ చూడకుండా రెండు గింజలు వేసేది. గింజలు నానాయి, కుళ్ళాయి, వాటి చుట్టూ కంటికి కనబడని జీవాలు పుట్టుకొచ్చాయి. వాటిని తినడానికి, నాచుతోపాటు వచ్చిన అమీబాలు నా అడుగున కాపురం పెట్టాయి.

మనుషుల్ని చాలామందిని చూశాను గానీ ఇంత నెమ్మదైన అద్దెవాళ్ళను చూడలేదు. దోసె పిండి పెనం మీద తనంతట తానే జారుతూ పోతే ఎలా ఉంటుందో, అలా ఉంటుంది వీటి నడక. ఎటు వెళ్ళాలంటే అటు ఒళ్ళే కాలై సాగుతుంది, పని అయ్యాక మళ్ళీ ఒంట్లో కలిసిపోతుంది. నోరు లేదు, అయినా భోజనం మానవు. తిండిని నాలుగువైపులా చుట్టుకుని లోపలేసుకుంటాయి. వంశం పెరగాలంటే మధ్యకు చీలి రెండవుతాయి. అందులో తల్లెవరో, పిల్లెవరో వాటికే తెలియదు కాబట్టి అత్తాకోడళ్ళ తగువు లేదు. చెరువుల్లో, నీటిమొక్కల ఆకుల అడుగున, తడిమట్టిలో వీటి బంధువులున్నారట. ఒక దూరపు చుట్టం మాత్రం మనుషుల పేగుల్లో దూరి కడుపు పిండేస్తాడు. వాడి చెడ్డపేరు వీటికీ అంటుకుంది.

ఆ చెడ్డపేరే నా ప్రాణం మీదికి తెచ్చింది. హైమావతి మామగారు సోమయాజులు మాస్టారు ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పి రిటైరయ్యారు. ఒకరోజు ఆయన కన్ను నా పచ్చటి పొట్ట మీద పడింది.

"ఏంటమ్మాయ్ ఈ పాకుడు? ఆదివారం పాత సీసాలవాడొస్తాడు. పారబోసి వాడికిచ్చెయ్."

"అందులో అమీబాలున్నాయండీ మావయ్యగారూ."

"అమీబా మురుక్కాలవలో ఉంటుంది. నా ఇంట్లో ఎందుకుంటుంది?"

"చూపిస్తే సీసా ఉంచుతారా?"

"చూపించు, ఉంచుతాను. లేదంటే ఆదివారమే."

మాట తేలిగ్గానే అడిగింది గానీ దాని వెనక పాతికేళ్ళ మంట ఉంది. అంట్లు తోముతూ గొణుక్కుంటుంటే విన్నాను. ఎనిమిదో తరగతిలో హైమావతికి సైన్సు చెప్పింది ఈ మాస్టారే. అమీబా బొమ్మకి మిథ్యాపాదాలు, అంటే ఆ సాగే కాళ్ళు, ఆరు వెయ్యాలని ఆయన చట్టం. హైమావతి నాలుగు వేసింది. అర మార్కు పోయింది. ఆ అర మార్కుతో క్లాసులో ఫస్టు రావలసిన పిల్ల సెకండొచ్చింది. ఫస్టొచ్చినవాడు మాస్టారి కొడుకు పేర్రాజు. తర్వాత ఆ పేర్రాజునే పెళ్ళి చేసుకుంది. అర మార్కు దగ్గరుండి వసూలు చేసుకోడానికేనేమోనని నా అనుమానం.

ఆదివారం పొద్దున్నే హైమావతి అద్దాల బీరువా తెరిచింది. రిటైరైనప్పుడు శిష్యులు బహూకరించిన మైక్రోస్కోపు అందులో ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఉంది. దాన్ని తెచ్చి కిటికీ వెలుగులో, నా పక్కనే పెట్టింది. మందు డ్రాపరుతో నా అడుగునుంచి ఒక చుక్క తీసి గాజుపలక మీద వేసింది. అద్దంలో కన్నుపెట్టి అరగంట వెతికింది.

"పాత సీసాలు కొంటాం!" వీధి చివర కేక వినిపించింది. నా గాజు చల్లబడింది.

"మీ గురుశిష్యుల గొడవేమో గానీ నాకు కాఫీ పడేలా లేదు," అన్నాడు పేర్రాజు గుమ్మంలోనుంచి.

"దొరికింది! రండి మాస్టారూ," అంది హైమావతి. కంగారులో మావయ్యగారన్న పిలుపు మర్చిపోయింది.

ఆయన కళ్ళజోడు నుదుటికెక్కించి వంగి చూశారు. "ఇదా? ఇది అమీబా కాదు. ఆరు కాళ్ళేవి?"

"కాసేపు చూడండి."

"మూడున్నాయి... ఆగు, ఒకటి లోపలికెళ్ళింది. రెండు." మాస్టారు బల్ల అంచు పట్టుకున్నారు. "ఇంకోటొస్తోంది. అరె, ఒళ్ళంతా అటే పోతోందే!"

సీసాలవాడు మా గుమ్మం ముందు ఆగి పిలిచాడు. మాస్టారు తల ఎత్తలేదు. ముప్పై ఏళ్ళు నల్లబల్ల మీద గీసిన జీవి ప్రాణాలతో కదులుతుంటే ఆయన చూడడం అదే మొదటిసారని నాకప్పుడు అర్థమైంది.

"ఎన్నున్నాయండీ ఇప్పుడు?" అడిగింది హైమావతి అమాయకంగా.

"నాలుగు," అన్నారాయన మెల్లగా. తర్వాత తలెత్తి, వీధిలోకి వినబడేలా గొంతు పెంచారు. "ఏం లేవయ్యా, వెళ్ళు! సీసా ఇవ్వం!" కొడుకువైపు తిరిగారు. "ఒరే పేర్రాజూ, ఎనిమిదో క్లాసులో సెకండు నువ్వేరా. అమ్మాయి బొమ్మ రైటే. తప్పు నేనే చేశాను."