ఆ ఆకుపచ్చ ఎవరు ఎంచారు?

రోజూ పొద్దున్నే భర్త వేసుకునే చొక్కా, ప్యాంటు, సాక్సులు జత కలిపి మంచమ్మీద పెట్టడం ఆమె పని. చూసినవాళ్ళు మొగుణ్ణి ఎంత అపురూపంగా చూసుకుంటుందో అనుకునేవాళ్ళు. అపురూపమూ లేదు, పాడూ లేదు. ఆయనకి ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలీదు. రెండూ మట్టిరంగులోనే కనిపిస్తాయి. పెళ్ళైన కొత్తలో అత్తగారు ఆమెని వంటింట్లోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి మరీ చెప్పింది. "అమ్మాయ్, వాడు రంగులతో బతికేవాడు. ఈ సంగతి బయటికి పొక్కిందంటే వాడి పరువు తీసింది నువ్వే అవుతావు." ఆమె తలూపింది.

ఆయన పేరున్న డిజైనరు. అట్టపెట్టెలు, లేబుళ్ళు, పుస్తకాల అట్టలు చేస్తాడు. గీతలోనూ, అక్షరాల పేర్పులోనూ ఆయనకి వంక పెట్టడానికి లేదు. రంగులు మాత్రం ఆమెవి. ఆఫీసులో ఆమెకి కుర్చీ ఉంది గానీ ఉద్యోగం లేదు. "మా ఆవిడ, ఊరికే తోడొస్తుంది" అని పరిచయం చేసేవాడు. పని ఇచ్చేవాళ్ళు వచ్చినప్పుడు షేడ్ కార్డు బల్లమీద పరిచేవాడు. వందల రంగులు, ఒక్కోదానికి ఒక్కో నంబరు, విసనకర్రలా విచ్చుకునే కట్ట అది. ఆలోచిస్తున్నట్టు కళ్ళు మూసుకునేవాడు. ఆమె మంచినీళ్ళు తెచ్చి, గ్లాసు సరైన రంగు పక్కన పెట్టేది. ఆయన కళ్ళు తెరిచి గ్లాసు పక్కన వేలు పెట్టేవాడు. "మీ కన్నే కన్నండీ!" అనేవాళ్ళు. ఆమె ఖాళీ ట్రేతో వెనక్కి వచ్చేసేది. మొదట్లో నవ్వొచ్చేది. పోనుపోనూ ట్రే పట్టుకున్న తన చేతులు చూసుకోవడానికే సిగ్గేసేది. దొంగసొత్తు చేతులు మార్చేవాళ్ళు కూడా ఇంత నెమ్మదిగానే నడుస్తారేమో అనుకునేది.

కార్డు పాతబడి పసుపెక్కింది. "కొత్తది కొందామండీ, ఇది అబద్ధం చెప్తోంది" అని ఆమె ఏడాదిగా పోరుతూనే ఉంది. పైగా అది నున్నటి కాగితమ్మీద అచ్చేసిన కార్డు. మామూలు కాగితం సిరాని పీల్చేసుకుంటుంది, రంగు చప్పబడిపోతుంది. దానికి వేరే కార్డుంటుంది. "కర్టెన్ గుడ్డలు ఎంచడమనుకున్నావా?" అని ఆయన కొట్టిపారేసేవాడు. అసలు భయం ఆమెకి తెలుసు. పాత కార్డులో ఏ రంగు ఎక్కడుందో ఆయనకి సగం కంఠతా వచ్చు. కొత్తదంటే మళ్ళీ మొదటికొచ్చినట్టే.

చివరికి సబ్బుల కంపెనీ పెట్టెలు తిరిగొచ్చాయి. లేతాకు రంగులో రావలసినవి పాచి పట్టినట్టు వచ్చాయి. కంపెనీ నడిపే ఆవిడే పెట్టె పట్టుకుని వచ్చి, "ఈ ఆకుపచ్చ ఎవరు ఎంచారు?" అనడిగింది.

"మా ఆవిడండీ" అన్నాడాయన. "ఆ రోజు నేను లేను."

రంగు ఆమెదని ఆయన నలుగురిలో చెప్పడం అదే మొదటిసారి. ఆమెకి తల కొట్టేసినట్టైంది. "పొరపాటైందండీ" అనేసింది. అన్న ఆయనమీదకంటే, అడక్కముందే ఒప్పేసుకున్న తన నోటిమీదే ఎక్కువ అసహ్యం పుట్టింది. ఆ రోజంతా అద్దం వైపు చూడలేదు.

"కొత్త కార్డు తెప్పించండి, ఈసారి నా ముందే ఎంచండి" అని, పసుపెక్కిన పాత కార్డు చూసి సబ్బులావిడ పట్టుబట్టింది. షేడ్ కార్డులు అమ్మే అమ్మాయి రెండు కట్టలు తెచ్చి బల్లమీద విప్పింది. ఆయన అలవాటుగా కళ్ళు మూసుకున్నాడు. ఆమె అలవాటుగా గ్లాసు తెచ్చి పెట్టింది.

కార్డు తడుస్తుందేమోనని అమ్మే అమ్మాయి చప్పుడు కాకుండా గ్లాసుని ఆ చివరికి జరిపింది.

ఆయన కళ్ళు తెరిచి, గ్లాసు పక్కన వేలు పెట్టాడు. "ఇదీ మీ ఆకుపచ్చ."

"అది ఇటుక రంగు కదండీ!" సబ్బులావిడ ఫక్కున నవ్వింది.

ఆయన చెవులు కందిపోయాయి. వేలు తియ్యలేదు. ఆమె వైపు చూశాడు. 'కళ్ళజోడు మర్చిపోయారండీ' అన్న మాట ఆమె నాలుక చివర తయారుగా ఉంది. ఎవరూ అడక్కుండానే, వండి వార్చినట్టు. అది అంత సులువుగా వచ్చినందుకు ఒళ్ళంతా సిగ్గుతో చచ్చిపోయింది. ఇటువంటివి ఇంకెన్ని అమర్చిపెట్టుకుంది లోపల?

"రంగులు ఎంచేది నేనండీ" అంది. "చెడిందే కాదు, బాగున్నవి కూడా. మీ పెట్టెలు మామూలు కాగితం, కాబట్టి ఈ రెండో కార్డు కావాలి. మీ ఆకుపచ్చ ఇదిగో."

సబ్బులావిడ పెట్టె పక్కన పెట్టి, కార్డుమీదికి వంగి చూసింది. "ఇదే" అంది.

ఇంటికెళ్ళేటప్పుడు కారులో ఆయన, "పరాయివాళ్ళ ముందు నా పరువు తీశావు" అన్నాడు.

ఆమెకి సిగ్గుగానే ఉంది. ఇన్నేళ్ళ అలవాటు ఒక్క మాటతో పోతుందా? అయినా జవాబు వచ్చింది. "మీ కళ్ళ సంగతి నేనెవరికీ చెప్పలేదు. నా కళ్ళ సంగతే చెప్పాను."

మర్నాడు పెట్టెలు అచ్చేసే ప్రెస్సు నుంచి ఫోనొచ్చింది. ఆమే తీసింది.

"అమ్మా, సార్‌కి ఇవ్వండి. రంగు గురించి అడగాలి."

ఎదురు బల్ల దగ్గర ఆయన తలెత్తి చెయ్యి చాపాడు. ఆమె ఫోను ఇవ్వలేదు.

"అడగండి" అంది.