కోటేశ్వరరావు గారి తొమ్మిది పాయింట్లు

ఆ బైనాక్యులర్స్ కృతి మెళ్ళో కనిపించిన రోజున వసుమతికి అన్నం సహించలేదు.

అవేమీ కొత్తవి కావు. రబ్బరు ఊడిపోయి, పట్టీకి రెండు చోట్ల ముళ్ళు పడి, కుడి అద్దం అంచున చిన్న పగులుతో ఉన్నవి. కోటేశ్వరరావు గారివి. మూడేళ్ళుగా అక్టోబరు వచ్చిందంటే అవి వసుమతి మెళ్ళోనే ఉండేవి. కొండెక్కే ముందు ఆయన తీసి చేతికిచ్చేవారు. దిగాక ఆమె తుడిచి తిరిగిచ్చేది. ఆ ఇచ్చిపుచ్చుకోవడంలో మాటలుండేవి కావు. మాటలక్కర్లేనంత దగ్గరితనం అదేనని వసుమతి అనుకునేది.

కోటేశ్వరరావు గారిది మాచర్ల. గనుల ఇంజనీరుగా కొలరాడో వచ్చి, బొగ్గు గనుల్లో పనిచేసి రిటైరై, డెన్వర్ పక్కనున్న అరోరాలో ఇల్లు కట్టుకున్నారు. గనిలో తోటివాళ్ళు నేర్పిన వేట ఆయనకు ముప్పయ్యేళ్ళ అలవాటు. అదీ ప్రభుత్వ అడవుల్లోనే, లైసెన్సు తీసుకుని ఎవరైనా వెళ్ళగలిగే చోటే. ఉద్యోగానికి అరోరా వచ్చిన కొత్తలో వసుమతి ఒకసారి ఆయన ఇంట్లో భోంచేసింది. గోంగూరలో వండిన ముక్క నోట్లో పెట్టుకుని, "ఈ మాంసం ఏ షాపులో దొరుకుతుంది ఆంటీ?" అని అడిగింది. లక్ష్మి ఆంటీ పకపకా నవ్వి, "ఇదిగో, ఈ షాపాయన్ని అడుగు" అని మొగుణ్ణి చూపించింది. అలా మొదలైంది.

మొదటి ఏడాదే, గంటన్నర కదలకుండా కూర్చుని, ఆయన కంటపడని దుప్పిని వసుమతి చూపించింది. మార్కాపురం దగ్గర పల్లెలో, వేరుశనగ చేలో తాతతో పాటు మంచె మీద కూర్చుని అడవి పందుల్ని కనిపెట్టిన పిల్ల. కూర్చోవడం ఆమెకొకరు నేర్పాలా? ఆయన బైనాక్యులర్స్ దించి, "నీకు కళ్ళున్నాయమ్మా" అన్నారు. ఆ ఒక్క మాటని వసుమతి మూడేళ్ళు దాచుకుంది, కొత్త చీరని మడత నలగకుండా దాచుకున్నట్టు.

కృతి వచ్చింది కిందటి చలికాలం. లక్ష్మి ఆంటీ స్నేహితురాలి కూతురు. నార్త్ కరొలినాలోని క్యారీలో పుట్టి పెరిగి, ఉద్యోగానికి డెన్వర్ వచ్చింది. నవ్వితే ఇల్లంతా వినిపించే పిల్ల. వారం తిరక్కుండా ఆయన్ని 'కోటి అంకుల్' చేసేసింది. ఫిబ్రవరిలో ముగ్గురూ కలిసి కొండల వైపు వెళ్ళినప్పుడు, బైనాక్యులర్స్ కృతి మెళ్ళో ఉన్న ఆ రోజునే, రోడ్డు పక్కన, కారుకి పది అడుగుల్లో ఒక దుప్పి నిలబడి ఉంది. కళ్ళు మూసుకున్నా కనిపించేలా ఉంది.

"అంకుల్, డీర్!" అని అరిచింది కృతి.

"నీకు కళ్ళున్నాయమ్మా" అన్నారు కోటేశ్వరరావు గారు.

వెనక సీట్లో వసుమతి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. దాచుకున్న చీర సంతలో గుట్టలుగా పోసి అమ్ముతుంటే చూసినట్టయింది.

మార్చి ఆఖరి ఆదివారం ముగ్గురూ డైనింగ్ టేబుల్ మీద మ్యాపు పరుచుకుని కూర్చున్నారు.

"డిసెంబర్లో మోకాలి ఆపరేషను. ఆ తర్వాత కొండలు ఎక్కొద్దన్నాడు డాక్టరు" అన్నారాయన. "ఈ ఏడు ఒక్క ట్రిప్పు. అదే ఆఖరు. ఎల్కా, మ్యూల్ డీరా? చెప్పండి."

"ఇప్పుడు మాత్రం ఎక్కమన్నాడా?" అని వంటింట్లోంచి లక్ష్మి ఆంటీ అరిచింది. ఎవరూ వినిపించుకోలేదు.

"ఎల్క్, ఆబ్వియస్లీ!" అంది కృతి. "అది ఫ్లూట్ లాగా అరుస్తుంది కదా అంకుల్? నాకు అది వినాలి."

"అక్టోబరు ఆఖరికి దాని గొంతు పోయుంటదమ్మా. పెళ్ళిళ్ళ సీజనైపోయాక సన్నాయి వాళ్ళ లాగా."

కృతి టేబుల్ మీద కొట్టి మరీ నవ్వింది. ఆయనా నవ్వారు. ఈ జోకు తనకెప్పుడూ చెప్పలేదని వసుమతి గుర్తుపెట్టుకుంది.

ఎల్క్ అంటే మన కణితి దుప్పి కన్నా పెద్ద జింక. దాని లైసెన్సుకి లాటరీ అక్కర్లేదు, ఎవరైనా వెళ్ళి కొనుక్కోవచ్చు. మ్యూల్ డీర్ అలా కాదు. గాడిద చెవులంత చెవులేసుకుని, రాళ్ళలో రాయిలా కలిసిపోయే దుప్పి. దానికి లాటరీ వేస్తారు. ఏడాదికొక పాయింటు పోగేసుకోవాలి. ఎక్కువ పాయింట్లున్న వాళ్ళకి ముందు. కోటేశ్వరరావు గారికి తొమ్మిది ఉన్నాయి. పడమటి కొండల్లో ఒక చోట, కొమ్ములు చెట్టులా విచ్చుకున్న మగ దుప్పి మీద ఆయనకి ఎప్పటినుంచో మనసు. ఎన్నడో వెళ్ళాల్సిన మనిషి. ప్రతి ఏడూ ఎవరో ఒక కొత్తవాళ్ళు తోడొస్తామనేవారు, వాళ్ళకి పాయింట్లుండేవి కావు, సరే ఎల్క్‌కే పోదాం పదండనేవారు ఆయన. గత మూడేళ్ళూ ఆ కొత్త మనిషి వసుమతే. ఆ సంగతి ఆమె మనసుకి ఎన్నడూ గట్టిగా తట్టలేదు.

"మ్యూల్ డీర్ మంచిది అంకుల్" అంది వసుమతి మెల్లగా. "ఎల్క్ పడితే మాంసం మోయడానికి అయిదారు సార్లు కొండెక్కి దిగాలి. మీ మోకాలు ఆగదు. దుప్పిని రెండు సంచుల్లో తెచ్చేయొచ్చు."

అన్నీ నిజాలే. అబద్ధం ఒక్కటీ లేదు. అందుకే ఆ మాటలు అంత నున్నగా వచ్చాయి.

"అయితే నేను కూడా డీర్ అప్లై చేస్తా. మనం ముగ్గురం గ్రూప్!" అంది కృతి.

వసుమతి కాచుక్కూర్చున్నది దీని కోసమే. మంచె మీద కూర్చున్నంత ఓపిగ్గా.

"నీకు పాయింట్లు లేవు కదా కృతీ. గ్రూపులో ఎవరివి అందరికన్నా తక్కువో అవే లెక్క. నువ్వు చేరితే అంకుల్‌వి తొమ్మిదీ సున్నా కింద లెక్కేస్తారు."

కృతి మొహం చిన్నబోయింది. "ఓ... నా వల్ల అంకుల్‌కి పోతుందా? నో నో. మీరిద్దరూ వెళ్ళండి వసక్కా. నేను నెక్స్ట్ ఇయర్ చూస్తా."

అసూయ పడటం కూడా చేతకాని పిల్ల. దానికి ఇంకా ఒళ్ళు మండింది వసుమతికి.

కోటేశ్వరరావు గారు కళ్ళజోడు తీసి, వసుమతి వైపు కాసేపు చూశారు. తర్వాత లాప్‌టాప్ ఆమె ముందుకి జరిపి, "ఎట్టా బాగుంటే అట్టా నువ్వే నింపమ్మా" అన్నారు.

కృతి వెళ్ళిపోయాక వసుమతి ఫారం తెరిచింది. కిందటేడు ఎన్ని పాయింట్ల వాళ్ళకి వచ్చిందో పట్టిక ఉంది అందులో. తొమ్మిదికి ఖాయం. ఏడుకి ఖాయం. అయిదుకీ ఖాయమే. మూడుకి మాత్రం సగం మందికే వచ్చింది.

ఆమెకున్నవి మూడు.

సున్నా మీద పెట్టిన కన్ను మూడు మీద పెట్టలేదు ఇంతసేపూ. ఇప్పుడు కనిపించింది. ఆయన ఒక్కరికే అప్లై చేస్తే సరిపోతుంది. తను లైసెన్సు లేకుండా సాయంగా వెళ్ళొచ్చు, చట్టం కాదనదు. కానీ సాయం వెళ్ళేవాళ్ళకి లెక్కేముంది? కృతీ వస్తానంటుంది. అప్పుడిద్దరూ సమానం, ఇద్దరూ సంచులు మోసేవాళ్ళే. మెళ్ళో ఆ బైనాక్యులర్స్ కృతికి, వీపు మీద తొడమాంసం తనకి. అదే లైసెన్సు తన జేబులోనూ ఉంటే...

సగం మందికి వచ్చింది కదా. మనకెందుకు రాదు?

ఇద్దరినీ ఒక గ్రూపు చేసి, నొక్కేసింది.

"అయిందా?" అన్నారాయన ముందు గదిలోంచి.

"అయింది అంకుల్. వచ్చేస్తుంది" అంది.

జూన్ మొదట్లో ఫలితాలొచ్చాయి. రాలేదు. ఇద్దరికీ రాలేదు.

ఆయన పెరట్లో గోంగూర మొక్కలకి నీళ్ళు పెడుతుంటే వెళ్ళి చెప్పింది. ఆయన పైపు పక్క మొక్కకి మార్చి, "సరేలే" అన్నారు. అంతే. ఆ వెనకే మెట్ల మీద కూర్చుని మామిడికాయ ముక్క తింటున్న కృతి లేచి నిలబడింది.

"ఎలా? అంకుల్‌కి నైన్ ఉన్నాయి కదా!" వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నట్టు ఆగింది. "వెయిట్. వసక్కా, నీకెన్ని? గ్రూప్ చేస్తే నీవి లెక్క కదా?"

వసుమతికి తేలు కుట్టినట్టయింది. తేలు కుట్టిన దొంగ నోరెత్తడు. ఆమె కూడా ఎత్తలేదు.

"నేనే చేయమన్నా" అన్నారు కోటేశ్వరరావు గారు, మొక్కల మీంచి తల ఎత్తకుండా. "ఒక్కణ్ణే కొండల్లో ఏం చేస్తానమ్మా, దుప్పితో కబుర్లు చెప్పుకుంటానా? పోనీ, ఎల్క్ ఉంది కదా. ముగ్గురం పోదాం."

కృతి ఎగిరి గంతేసింది. ఆయన తన కోసం అబద్ధమాడారని వసుమతి ఆ వేసవంతా సంతోషించనూ లేక, మరిచిపోనూ లేక పోయింది.

అక్టోబరు ఆఖరులో ముగ్గురూ ఎల్క్ లైసెన్సులు కొనుక్కుని పడమటి కొండలకి వెళ్ళారు. రెండో రోజు పొద్దున్నే ఆయన మోకాలు మొరాయించింది. ఆకులు రాలిన చెట్ల కింద ఒక దుంగ మీద కూర్చుండిపోయారు. కృతి వాగు దాకా వెళ్ళి ఎల్క్ అడుగుజాడలు చూసొస్తానంది. బైనాక్యులర్స్ తీసి ఆయన ఒళ్ళో పెట్టి వెళ్ళింది. ఆయన వాటిని ఒక్కసారి కళ్ళకానించి, వసుమతి వైపు చాచారు, ఎప్పటిలాగే.

ఈసారి ఆమె వెంటనే అందుకోలేకపోయింది.

"అంకుల్, ఆ రోజు నాకు తెలుసు. మీ ఒక్కరికే వేస్తే వచ్చేదని."

"నాకూ తెలుసమ్మా. ఆ పట్టిక నేను చూడనిదా?"

"మరి నన్ను ఆపలేదేం?"

"ఆపితే తర్వాత మా ఇంటికి వచ్చేదానివా నువ్వు?"

వచ్చేది కాదు. అది ఇద్దరికీ తెలుసు. గొంతు దిగని మాట ఇంకొకటుంది. ఇంత దాకా వచ్చాక అడక్కుండా ఉండలేకపోయింది.

"కృతి అడిగినా ఒప్పుకునేవారా? సున్నా అయినా?"

"ఒప్పుకునేవాణ్ణే" అన్నారాయన, ఆలోచించకుండానే. "పిల్లలు వస్తామంటుంటే పాయింట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటానా?"

కాస్త ఆలోచించి చెప్పినా బాగుండేదనిపించింది ఆమెకి. బైనాక్యులర్స్ అందుకుని కళ్ళకానించుకుంది, తన కళ్ళు ఆయనకి కనపడకుండా. కుడి అద్దం పగులు తెలిసినచోటే ఉంది. ఎదుటి కొండ వాలుని ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి, చేను కలియజూసినట్టు చూసుకుంటూ వచ్చింది. ఎండిపోయిన మొద్దు పక్కన ఒక రాయి. ఆ రాయి చెవి కదిలింది.

మ్యూల్ డీర్. మగది. కొమ్ములు చెట్టులా విచ్చుకుని, ఒక్కొక్క కొమ్మా మళ్ళీ రెండుగా చీలి.

"అంకుల్" అంది. మొద్దు వైపు చూపించి, బైనాక్యులర్స్ ఆయనకిచ్చింది.

ఆయన చాలాసేపు చూశారు. తుపాకీ పక్కనే దుంగకి ఆనించి ఉంది. దాని వంక కూడా చూడలేదు. ఆ దుప్పి మీద ఆయనకే హక్కూ లేదు, జేబులో ఉన్నది ఎల్క్ లైసెన్సు. తొమ్మిదేళ్ళు అడిగిన జంతువు తీరిగ్గా మేత మేస్తోంది. వసుమతి ఆయన మొహం చూడలేకపోయింది. చూడకుండానూ ఉండలేకపోయింది. ఆయన పెదాలు ఏదో లెక్కపెడుతున్నట్టు కదులుతున్నాయి. కొమ్మల్ని కాబోలు.

"మీదే అది. నేనే పోగొట్టాను" అంది.

"ఊఁ" అన్నారాయన. కాదనలేదు.

వెనక ఆకుల చప్పుడైంది. కృతి ఒగరుస్తూ వచ్చి, ఆయన చూస్తున్న వైపు చూసి, గుసగుసగా అంది. "ఏంటి? ఏముంది? ఎల్కా?"

ఆయన బైనాక్యులర్స్ దించి కృతికిచ్చారు. "వసుమతి చూపిస్తది. దానికే సరిగ్గా తెలుసు" అన్నారు.

కృతి అద్దాల్లోంచి కొండంతా గాలించింది. "ఎక్కడ వసక్కా? నాకేం కనపడట్లా. ఒట్టి రాళ్ళే."

కాసేపు కనపడకుండా ఉంటేనే బాగుండుననిపించింది వసుమతికి. కాసేపు అలాగే ఊరుకుంది కూడా. దుప్పి తలెత్తి, రెండడుగులు వేసి, చెట్ల గుబురు వైపు మళ్ళింది. ఇంకొక్క క్షణం ఊరుకుంటే చాలు, అది వెళ్ళిపోతుంది. దాన్ని చూసినవాళ్ళు ఈ లోకంలో ఇద్దరే మిగులుతారు.

వసుమతి కృతి వెనక్కి వెళ్ళి, రెండు చేతులతో ఆమె తల పట్టుకుని, కావలసిన దానికన్నా కొంచెం గట్టిగానే, కుడివైపుకి తిప్పింది.

"మొద్దు పక్కన. రాయనుకోకు. చెవులు చూడు."