నల్లదిమ్మ మీద సున్నా

పోర్ట్ కెల్లన్ తీరంలో పిట్టల్ని లెక్కపెట్టేవాళ్ళందరికీ ఇష్బెల్ విషార్ట్ అంటే కాస్త హడలు. శీతాకాలంలో నెలకో ఆదివారం, పోటు నిండుగా ఉన్న వేళ, ఎవరి ముక్క తీరానికి వాళ్ళు వెళ్ళి పిట్టల్ని లెక్కిస్తారు. ఒకరి ముక్కలో ఇంకొకరు వేలు పెట్టరు. పక్కింటి వంటగదిలో దూరి గిన్నెల మీద మూతలు తీసి చూడం కదా, ఇదీ అంతే. లెక్కలన్నీ ఇష్బెల్ దగ్గరికి చేరతాయి. ఏది నమ్మవచ్చో, ఏది కూడదో ఆవిడ తేల్చి పై ఆఫీసుకి పంపుతుంది. అరుదైన పిట్టని చూశానని ఎవరైనా ఉబ్బిపోతూ రాశారో, వాళ్ళ పని అయిపోయినట్టే. వెలుతురు ఎటు నుంచి పడింది, పక్కన ఎవరున్నారు, కాళ్ళ రంగు చూశావా లేక ఊహించావా అని ప్రాణం తోడేసి, చివరికి "రుజువు కాలేదు" అని పక్కన పెట్టేసేది.

"చూడనిది రాయకూడదు. వెళ్ళి చూస్తే ఏమీ కనబడలేదా, సున్నా రాయాలి. సున్నా కూడా లెక్కే" అని కొత్తవాళ్ళకి చెప్పేది.

ఆవిడ ముక్క ఊరికి ఉత్తరాన ఉన్న నల్లదిమ్మ. అలలు కొట్టే చోట నాచు పట్టిన రాతిగుట్ట అది. ఏటా చలి ముదిరాక ఊదా ఉల్లంకులనే చిన్న తీరపు పిట్టలు ఆర్కిటిక్ నుంచి వచ్చి దాని మీద వాలేవి. పేరుకే ఊదా, చూపుకి తడిరాయి రంగు. రాయినీ పిట్టనీ విడదీసి చూడాలంటే కళ్ళు బాగుండాలి. ఆ మంద ఒక రాయిని నమ్ముకుందంటే ఏటేటా అక్కడికే వస్తుంది. ఆ పిట్టల పుణ్యమా అని నల్లదిమ్మని ఎవరూ ముట్టుకోకూడదన్న నియమం ఉండేది. రేవుకి అలలు తగలకుండా ఆ రాతి మీదుగా కొత్త అడ్డుకట్ట కట్టాలనుకున్నవాళ్ళు ఎన్నోసార్లు వచ్చి, ఇష్బెల్ లెక్కలు చూసి, మొహాలు వేలాడేసుకుని వెళ్ళారు.

మూడు శీతాకాలాల కిందట పిట్టలు కనబడడం మానేశాయి. ఇష్బెల్ ఆ గాలిలో ముక్కు కారుతున్నా తుడుచుకోకుండా నిలబడి వెతికేది. ఎర్రముక్కు పిట్టలు ఉండేవి, సముద్రపు బాతులు ఉండేవి, రాయి మాత్రం ఖాళీ. ఇంటికి వచ్చి, కోటు కూడా విప్పకుండా సున్నా రాసి, స్టవ్ దగ్గర కూర్చుని ఏడ్చేది. అడ్డుకట్ట వద్దని పోరాడుతున్నవాళ్ళు ఒకసారి వచ్చి, "ఓ పది వేసేయండి, ఎవరొచ్చి చూస్తారు" అన్నారు. వాళ్ళకి టీ కూడా ఇవ్వకుండా పంపేసింది. మూడు చలికాలాల సున్నాలు చాలాయి. పిట్టలు లేని రాయికి రక్షణ ఎందుకని పైవాళ్ళు అడ్డుకట్టకి అనుమతి ఇచ్చేశారు.

నవంబరులో ఇష్బెల్ కళ్ళకి ఆపరేషన్ అయింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయని డాక్టరు చెబితే గాని ఆవిడకి తెలియలేదు. సముద్రం మీద మంచు ఎక్కువైందనుకుంది, బైనాక్యులర్స్ పాతబడ్డాయని కొత్తవి కొనుక్కుంది, తప్పు తన కళ్ళలో ఉండొచ్చని మాత్రం అనుకోలేదు. కట్టు విప్పిన రోజు వంటింటి గోడకి పట్టిన జిడ్డు చూసి, ఇన్నాళ్ళూ ఇందులోనే వండుకు తిన్నానా అని నవ్వుకుంది. అప్పుడైనా నల్లదిమ్మ గుర్తుకు రాలేదు.

డిసెంబరు లెక్కకి డాక్టరు చలిగాలిలోకి పోనివ్వలేదు. జనవరి లెక్కల ఆదివారం వచ్చింది. తీరం దారిలో బండరాళ్ళు నింపిన లారీలు బారుగా ఆగి ఉన్నాయి, మర్నాడే పని మొదలు. కాలికింద గడ్డి మంచుకి గాజులా విరుగుతోంది. చివరి సున్నా వేసి ఈ రాయికి దణ్ణం పెట్టి పోదామని ఇష్బెల్ బైనాక్యులర్స్ ఎత్తింది.

రాయి కదిలింది. కాదు, రాతి మీద ఒక ముద్ద కాలు చాపి, రెక్క సర్దుకుని, మళ్ళీ ముడుచుకుంది. దాని పక్కన ఇంకొకటి. ఆ పైన వరసగా, నురగ తగిలినప్పుడల్లా ఒక్క గెంతు గెంతి మళ్ళీ అక్కడే కూర్చునే పిట్టలు. నలభైకి పైనే ఉన్నాయి. పసుపు కాళ్ళు కూడా కనబడుతున్నాయి.

"వచ్చారా తల్లీ" అంది పైకే. పిట్టలు తిరిగొచ్చాయంటే పని ఆపించవచ్చు. వెంటనే ఫెర్గస్‌కి ఫోన్ చేసింది. పక్క ముక్క లెక్కపెట్టే ఫెర్గస్ టల్లక్ పాతికేళ్ళుగా ఆవిడకి స్నేహితుడు, నోటికి హద్దు లేని మనిషి. పది నిమిషాల్లో రొప్పుతూ వచ్చాడు.

"ఏం అమ్మాయ్, తిమింగలం గాని ఎక్కిందా గట్టు మీదికి?"

"చూడు. తిరిగొచ్చాయి."

ఫెర్గస్ చూశాడు. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"తిరిగి రావడమేంటి ఇష్బెల్, ఎటైనా పోతేగా. ఇక్కడే ఉన్నాయి."

"ఎప్పుడు?"

"పోయినేడూ ఉన్నాయి. అంతకు ముందూ ఉన్నాయి. ఇటు నడిచినప్పుడల్లా చూస్తూనే ఉన్నా."

ఇష్బెల్ బైనాక్యులర్స్ దించింది. "మరి నోరు మెదపలేదేం?"

"నీ రాయి మీద ఏముందో నీకు నేను చెప్పాలా? నువ్వు సున్నా వేస్తున్నావని నాకేం తెలుసు. అనుమతి వచ్చాక పేపర్లో చూశా."

"అప్పుడైనా చెప్పొచ్చుగా."

"చెబితే ఏమనేదానివి? ఒక్కడివే చూశావా, వెలుతురెలా ఉంది అనేదానివి. నేను చూశానన్న తెల్లడేగని అలాగే కదా చెత్తబుట్టలో వేశావు." అని ఆగి, మెల్లగా అన్నాడు. "లెక్క రోజున అవి లేవేమో అనుకున్నా. నీ చూపు తప్పైతే ఇంకెవరి చూపు ఒప్పు అనుకున్నా. కోపంతో ఊరుకున్నానో, గౌరవంతో ఊరుకున్నానో నాకే తెలీదు. నిజం."

అతన్ని తిట్టడానికి ఆవిడకి హక్కు ఎక్కడుంది? అక్కడే, గాలికి వీపు తిప్పి, లెక్కలు చూసే ఆఫీసు వాళ్ళు ఇలాంటి అవసరాలకని ఇచ్చిన నంబరుకి ఫోన్ చేసింది. ఎత్తిన అమ్మాయి అంతా ఓపిగ్గానే వింది.

"మిసెస్ విషార్ట్, మీ సున్నాలు తప్పంటున్నారు. అంటే మీకు చూపు సరిగా లేదన్నమాట. ఎప్పటి నుంచండి?"

పక్కనే చెవి ఒగ్గి వింటున్న ఫెర్గస్ మూడు వేళ్ళు చూపించాడు. మూడేళ్ళని చెప్పు, అంతకు ముందు లెక్కలు నిలబడతాయి అని పెదవులతోనే చెప్పాడు. ఆ ఒక్క మాట చాలు, రాయి దక్కొచ్చు. ఇష్బెల్ ఆ వేళ్ళకేసి చూసింది. తనకి తెలియని సంగతి ఎలా చెప్పడం?

"తెలీదండి" అంది. "శుక్లాలు మెల్లగా ముదిరుంటాయి. అయిదేళ్ళో, పదేళ్ళో. నిజంగా తెలీదు."

అవతల కీబోర్డు టకటకలాడి ఆగింది.

"అలాగైతే మీ లెక్కలు ఏవి సరైనవో మేం చెప్పలేం కదండీ. అన్నీ పక్కన పెట్టాలి. ఆ రాయికి రక్షణ వచ్చిందే మీ లెక్కల మీద. ఇక మిగిలింది ఇవాళ్టి లెక్క ఒక్కటే. దానితో అనుమతి ఆపడం కుదరదు. అభ్యంతరాలకి గడువు కూడా అయిపోయింది. చెప్పినందుకు థాంక్సండి."

ఫెర్గస్ తల పట్టుకున్నాడు. "మూడు అంటే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా" అని తిట్టాడు. తిడుతూనే ఆవిడ మెడకి తన మఫ్లర్ చుట్టాడు.

మర్నాడు ఇష్బెల్ మళ్ళీ వెళ్ళింది, ఎవరు వద్దన్నా వినలేదు. మొదటి లారీ బండలు దొర్లించగానే మంద లేచి, సముద్రం మీద ఒక చుట్టు తిరిగి, మిగిలిన రాతి మీదే వాలింది. పక్కనే ఇంకో రాతిగుట్ట ఖాళీగా ఉంది, అటు పోలేదు. రెండో లారీకీ అంతే. పొండి, పొండి అని ఆవిడ గొంతు పోయేలా అరిచింది. లేచిన ప్రతిసారీ అవి ఇంకాస్త చిన్నదైన చోటుకి, ఒకదాని మీద ఒకటి పడుతూ తిరిగి వచ్చేవి.

మధ్యాహ్నానికి రాయి మొత్తం పూడిపోయింది. పిట్టలు వాలే చోటు కోసం నీళ్ళ మీద అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఇష్బెల్ అలవాటు కొద్దీ లెక్కపెట్టింది. ఆ కళ్ళకి ఒక్క పిట్ట కూడా తప్పిపోలేదు. ఆ లెక్క తీసుకునేవాళ్ళు మాత్రం ఇక ఎవరూ లేరు.