పన్నెండు రోజులు

సత్తెనపల్లి లైబ్రరీలో వెనకగది మాది. యుద్ధాలకు వెళ్ళినవాళ్ళ ఉత్తరాలు, ఫొటోలు ఇళ్ళవాళ్ళు తెస్తే స్కాన్ చేసి, అందరూ చూసేలా వెబ్‌సైట్‌లో పెడతాం. నియమాలు నేనే రాశాను. చదవకుండా ఏదీ ఎక్కించకూడదు. ఉత్తరంలో ఇంకో కుటుంబం పేరుంటే వాళ్ళనీ అడగాలి. ఈ రెండోదానికి నన్ను తిట్టుకోని వాలంటీరు లేడు.

దర్శి నుంచి జహీరున్నీసా గారు బిస్కెట్ల డబ్బాతో వచ్చారు. ఆవిడ భర్త జాన్ బాషా డెబ్భై ఒకటి యుద్ధంలో మిలటరీ ఆసుపత్రిలో పనిచేశాడట.

"మా ఆయన రాతండీ. నాకు చూపు ఆనట్లేదు, మీరే చదవండి," అన్నారు.

పైకి చదవడం మొదలుపెట్టాను. మూడో ఉత్తరంలో ఇలా ఉంది:

'మన వైపు కుర్రాడొకడు ఉన్నాడు. సత్తెనపల్లి దగ్గర పల్లె. పేరు యలమంద. పొట్టలో గుండు దిగింది. పదో తారీఖున వాళ్ళింటికి టెలిగ్రాం ఇప్పించాం, వెంటనే రమ్మని. ఎవరూ రాలేదు. భార్య నీళ్ళోసుకుందట, కోటిరత్నమట. రోజూ గుమ్మం వంకే చూసేవాడు. నిన్న, ఇరవై రెండున, పోయాడు.'

యలమంద మా నాన్న, కోటిరత్నం మా అమ్మ. ఆయన పోయిన ఐదు నెలలకు నేను పుట్టాను.

మా ఊళ్ళో అప్పట్లో టెలిగ్రాం అంటే చావే. చావు కబురు కాగితం ఇంట్లో ఉంచరు. గడప బయటే చింపేసి తలస్నానం చేస్తారు. ఆ రోజు టెలిగ్రాం తెచ్చినవాడు వేలిముద్ర వేయించుకుని సైకిలెక్కాడు. ఇంగ్లీషు వచ్చిన మాస్టారు రెండు మైళ్ళ అవతల ఉండేవాడు. మా తాత బుల్లయ్య అంత దూరం పోలేదు, కొడుకు పోయాడనే అనుకుని చింపేశాడు. తర్వాత రెండో టెలిగ్రాం వస్తే, అదే మళ్ళీ పంపారనుకుని దాన్నీ చింపాడు. పెన్షన్ కాగితంలో నాన్న పోయింది ఇరవై రెండో తారీఖని ఉంటే ఆఫీసువాళ్ళ తప్పనుకున్నారు. ఆ కాగితం నేనూ ఎన్నోసార్లు చూశాను. ముప్ఫై ఏళ్ళు పిల్లల తప్పులు దిద్దిన టీచర్ని, ఒక్కసారి కూడా అనుమానించలేదు.

ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు. ఉత్తరాన్ని స్కానర్ మీద తిన్నగా పెట్టి, అంచులు సరిచూసుకుని మీట నొక్కాను. ఇక దాన్ని వెబ్‌సైట్‌లో పెట్టాలంటే మా అమ్మనే అడగాలి. తీసి పక్కన పడేస్తే అడిగే నాథుడు లేడు. అమ్మకి డెబ్భై మూడు. నాన్న మంచంమీద ఎదురుచూస్తుండగానే పదో రోజు చేసి బొట్టు తీశారని ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పను?

అయినా ఇంటికెళ్ళాను. అమ్మ వరండాలో మిరపకాయలకు తొడిమలు తీస్తోంది.

"ఏమే, అప్పుడే వచ్చావ్?"

ఎదురుగా కూర్చుని ఉత్తరం మొత్తం చదివాను. అమ్మ చేతులు ఆగలేదు. తీసిన కాయలు ఒకవైపు, తొడిమలు ఒకవైపు పడుతూనే ఉన్నాయి.

"అయితే పదో రోజుకి ఉన్నాడన్నమాట," అంది.

"ఉన్నాడమ్మా."

"ఆ రోజు గాజులు తియ్యనని గోల చేశా. మీ నాయనమ్మ రెక్క పట్టుకుని లాగింది."

నాకు ఎక్కడో చిన్న ఆశ పుట్టింది. "బతికే ఉన్నాడని నీకు అనిపించిందా అమ్మా?"

"లేదే. మా అమ్మ వేయించిన కొత్త గాజులు, పచ్చవి. పగలగొడతారని ఏడ్చా, అంతే." ఇంకో కాయ తీసింది. "అన్నం తిన్నా. నిద్రపోయా. ఆడ ఆయన గుమ్మం వంక చూస్తా ఉంటే నాకు పిసరంత కూడా తెలియలా."

చివరికి అడగవలసింది అడిగాను. "ఇది అందరూ చూసేలా పెట్టమంటావా, వద్దా?"

"పెట్టు. మీ తాత చింపాడని రాయి. నాకేమీ తెలియలేదని, అది కూడా రాయి."