ఒంటికి పట్టనిది

"తల్లికి ఇల్లు పట్టకపోతే పిల్లకి తిన్నది ఒంటికెలా పడుతుంది?" అంది అత్తగారు, ఆసుపత్రికి బయల్దేరబోతుంటే. కోడలు కూతురికి జడ వేస్తోంది. దువ్వెనకు వచ్చిన వెంట్రుకల్ని పిల్ల చూడకుండా ఉండచుట్టి గుప్పిట్లో దాచుకుంది. మాటను ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

పిల్లకు ఎనిమిదేళ్లు. కొరికీ కొరకనట్టు తింటుందని ఇంట్లో పిచ్చుక అంటారు. కొన్నేళ్లుగా కిడ్నీలు సరిగ్గా పనిచేయడం లేదు. ఎముకలు బలహీనం, రక్తం తక్కువ. ఎండలో ఆడనివ్వకపోవడం వల్లే డి విటమిన్ తగ్గిందని అత్తగారి తీర్పు. ఎండ ఎంత తగిలినా ఆ విటమిన్‌ను పనికొచ్చేలా మార్చాల్సింది కిడ్నీయేనని డాక్టరు చెప్పినప్పుడు కోడలికి చప్పున అర్థమైంది. సరుకులు తెచ్చి గుమ్మంలో పడేస్తే వంటయిపోతుందా? ఆ ఇంట్లో బియ్యాన్ని అన్నంగా, విడిచిన బట్టల్ని ఉతికిన బట్టలుగా, అందరి విసుగునూ తన మౌనంగా మార్చేది తనే. తను మొరాయిస్తే ఏ డాక్టరుకు చూపిస్తారో అనుకుని నవ్వుకుంది. ఆ నవ్వులో పస లేదు.

ఆమెది బట్టల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టే పని, తెల్లవారుజామునే షిఫ్టు. అందుకని పొద్దుటి మాత్రలు భర్త వంతు. లేవగానే పరగడుపున ఐరన్, బాగా ఆగి టిఫిన్‌తో కాల్షియం వేయాలి. ఆ ఒక్క పనికే "పిల్లని నేనే చూసుకుంటున్నా" అని స్నేహితులకు చెప్పుకుంటాడు.

డాక్టరు ముందు ఒకటే కుర్చీ. ఎప్పటిలాగే ఆమె పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. భర్త తలుపు దగ్గర ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు.

"రక్తం ఇంకా తగ్గింది. ఇలాగే ఉంటే ఎక్కించాల్సి వస్తుంది," అన్నాడు డాక్టరు. "ఐరన్ ఒంటికి పట్టట్లేదు. ఎలా వేస్తున్నారు?"

"రెండూ కలిపి టిఫిన్‌తో వేసేస్తా సార్. పోయేది ఒక్క కడుపులోకేగా," అన్నాడు భర్త తేలిగ్గా.

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. "కాల్షియం తోడుంటే ఐరన్ ఒంటికి పట్టదు." ఆ మాట అని ఆమె వైపు తిరిగాడు. "మీరు పట్టించుకోవాలి కదమ్మా."

ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ మాటలు పడింది. తన వంటను, తన ఉద్యోగాన్ని, చివరికి తన పాలను కూడా అనుమానించుకుంది. తప్పు ఎవరిదో తేలాక కూడా వేలు తనవైపే తిరిగింది. పిల్లను దింపి లేచి నిలబడింది.

"మీరిలా కూర్చోండి," అంది భర్తతో. "వేసేది మీరు. వినాల్సిందీ మీరే."

ఆయన ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. డాక్టరు మళ్లీ మొదట్నుంచీ చెప్పాడు.

బయట వరండాలోకి రాగానే భర్త అలవాటుగా ఆమెను అడిగాడు. "ఏమన్నాడు? టిఫిన్‌కి ముందేది, తర్వాతేది?"

జవాబు నాలుక చివరే ఉంది. మింగేసింది.

"లోపలికెళ్లి అడిగి రండి."

"నలుగురిలో పరువు తీస్తావా," అని గొణిగాడు. ఆమె కదల్లేదు. చివరికి ఆయనే వెళ్లి తలుపు తట్టాడు.

పిచ్చుక పాలిపోయిన చేత్తో ఆమె వేలు పట్టుకుంది. "నాన్న మళ్లీ మర్చిపోతే ఎలా అమ్మా?"

"మళ్లీ అడుగుతారు," అంది. "ఒంటబట్టేదాకా."